సారె నుంచి ఆము దాకా: నల్లగొండ, పాలమూరు కుమ్మరుల మధ్య ఒక ఫాల్గుణం

ఆదివారం, నార్కట్‌పల్లి సమీపంలో

దక్షిణ తెలంగాణలో కుమ్మరి సారెకు, అంటే కుండలు చేసే చక్రానికి, తీరిక దొరకని నెలలు మాఘ ఫాల్గుణాలు. పెళ్లి ముహూర్తాలకు ఐరేని కుండలు, రానున్న ఎండలకు నీళ్లు చల్లబరిచే రంజన్లు, తాటికల్లు కాలానికి లొట్లు, ఉగాది పచ్చడికి కొత్త కుండలు, అన్నీ ఈ రెండు నెలల్లోనే తయారు కావాలి. ఈ కాలంలో సారె మీద మన్ను తిప్పి బతుకుతున్నవారు ఎవరు, వారి పని ఎలా సాగుతున్నది, చేసిన సరుకు ఎవరి ఇంటికి చేరుతున్నది అన్న విషయాలను దగ్గరుండి చూడాలనే ఉద్దేశంతో ఫాల్గుణంలోనే బయలుదేరాను.

హైదరాబాద్ నుంచి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటిన తరువాత అక్కడక్కడా కుండల దుకాణాలు కనిపిస్తాయి. నేను ఆగి చూసిన దుకాణాలలో సగానికి పైగా సరుకు స్థానికమైనది కాదు. గుజరాత్, రాజస్థాన్‌ల నుంచి లారీల్లో వచ్చిన నున్నటి ఎర్ర కూజాలు, నల్లాలు బిగించిన కుండలు, మూత తిప్పే మట్టి సీసాలు ముందు వరుసలో ఉన్నాయి. మన ఊళ్ల రంజన్లు, గురుగులు, కుండ బిర్యానీ వండే హోటళ్లు కొనుక్కుపోయే వెడల్పు మూతి కుండలు వెనుక వరుసలో, నేల మీద ఉన్నాయి. అడిగితే దుకాణదారు ఈ రెండో రకం కుండలు చేసే ఇంటి దారి చెప్పాడు. నార్కట్‌పల్లి నుంచి లోపలికి వెళ్తే ఆ ఊరు వస్తుంది.

ఆ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు నలుగురూ ఈ పనిలోనే ఉన్నారు. వాకిట్లో అడుగు పెట్టగానే సారె ఎక్కడ ఉన్నదని వెతుకుతున్న నన్ను పెద్దాయన చెయ్యి పట్టుకుని ఇంటి వెనుక మన్ను గుంత దగ్గరికి తీసుకుపోయారు. "సారె ఎప్పుడైన సూడొచ్చు సారూ, మొదలు మన్ను సూడుండ్రి" అన్నారు. ఆ మాట వినడం వల్లనే తరువాతి రోజుల్లో చూసినదంతా నాకు సరిగా అర్థమైంది.

ఆయన వాడే మన్ను రెండు రకాలు. ఒకటి చెరువు గర్భం నుంచి తెచ్చే నల్లటి జిగట మన్ను, రెండవది చెల్క నుంచి తెచ్చే ఎర్రమన్ను. చెరువు మన్ను ఒక్కటే వాడితే సారె మీద చక్కగా సాగుతుంది కాని ఎండేటప్పుడు విపరీతంగా కుంచించుకుపోయి పగుళ్లు బారుతుంది. ఎర్రమన్ను, సన్నని ఇసుక కలిపితే ఆ కుంచింపు తగ్గుతుంది, కాలిన తరువాత రంగు కూడా నిండుగా వస్తుంది, ఎందుకంటే కుండకు ఎరుపునిచ్చేది ఆ మన్నులోని ఇనుమే. నీళ్ల కుండకు ఒక పాళ్లు, పొయ్యి మీద పెట్టే కుండకు మరొక పాళ్లు. వంట కుండలో ఇసుక ఎక్కువ ఉండాలి, అప్పుడే మంట తగిలి ఒక్కసారిగా వేడెక్కినా పగలదు. ఈ లెక్కలేవీ ఆ ఇంట్లో రాసి లేవు. పెద్దాయన ఒక ముద్ద తీసి వేలంత పొడవున పేని, వంచి, ఆ వంపు దగ్గర పగులు ఎంత వస్తున్నదో చూసి పాళ్లు నిర్ణయిస్తారు.

మన్ను దొరకడం గురించి ఆయన చెప్పినది నేను ఊహించని విషయం. చెరువులు నిండకపోవడం వల్ల వ్యవసాయం దెబ్బతిన్న జిల్లా ఇది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు, ఆ పూడిక మట్టి పొలాలకు పోయింది, తరువాత కాలువ నీళ్లు కూడా వచ్చి ఆ ఊరి చెరువు ఇప్పుడు ఎండాకాలంలో కూడా నిండుగానే ఉంటున్నది. రైతుకు అంతకన్నా కావలసినది లేదు, ఆ మాట పెద్దాయనే ముందుగా అన్నారు. అయితే కుమ్మరికి మన్ను దొరికేది చెరువు అడుగు బయటపడినప్పుడే. ఏడాదికి సరిపడా మన్నును నీళ్లు కాస్త వెనక్కి తగ్గిన ఆ కొద్ది రోజుల్లోనే ట్రాక్టరు కిరాయికి తీసుకుని తెచ్చుకుని, ఇంటి వెనుక కుప్ప పోసుకోవాలి. కిరాయికి డబ్బు ఆ వారంలో చేతిలో లేకపోతే ఆ ఏడు పని సన్నగిల్లినట్లే.

కొడుకు వాడే సారె కరెంటుది. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018 నుంచి దేశమంతటా కుమ్మరులకు కరెంటు సారెలు అందిస్తున్నది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరం కూడా ఉన్నది. అందులో శిక్షణతో పాటు పనిముట్ల కోసం 15,000 రూపాయలు ఇస్తారు. సారె వేగాన్ని కాలి దగ్గరి మీటతో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కర్రతో బరువైన చక్రాన్ని తిప్పి, అది నెమ్మదించగానే మళ్లీ లేచి తిప్పవలసిన శ్రమ పోయింది. పెద్దాయన పాత సారె గోడకు ఆనించి ఉన్నది.

అయితే గుంతలో నానిన మన్నును తీసి, రాళ్లు, వేర్లు ఏరి, ఇసుక చల్లుకుంటూ గుండ్రంగా తిరుగుతూ తొక్కుతున్నది ఎవరని చూస్తే, పెద్దాయన భార్య, కోడలు. ఒక వాయి మన్ను తొక్కడానికి దాదాపు పూట పడుతుంది. "సారెకు కరెంటొచ్చింది గని, తొక్కుడు నా కాళ్లకే ఉండె సారూ" అన్నది ఆ అవ్వ, మోకాలు రాసుకుంటూ. మన్ను కలిపే యంత్రాలు లేకపోలేదు, పగ్‌మిల్లు అంటారు. ఆ ఊరికి అది రాలేదు. కుమ్మరి పనిలో కంటికి ఇంపుగా కనిపించేది సారె కనుక బొమ్మ తీసేవారు సారెనే తీస్తారు, సాయం చేసేవారు కూడా ముందు సారెకే సాయం చేస్తారు. నడుము విరిచే పని మాత్రం సారెకు ముందు ఒకటి, సారె తరువాత రెండు ఉన్నాయి. ఈ ఊళ్లో చూసినది ముందరిది.

సోమవారం, అదే ఊరు

తెల్లవారకముందే సారె మొదలైంది. పెద్ద ముద్దను సారె నడుమ శిఖరంలాగా నిలబెట్టి, దాని కొస నుంచే ఒక్కొక్క కుండకు కావలసినంత మన్నును తీసుకుంటూ చేయడం ఇక్కడి పద్ధతి. బొటనవేళ్లతో గుంత చేసి, ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట ఉంచి గోడను పైకి లాగి, తడి గుడ్డతో అంచును తిప్పి మూతి దిద్ది, అడుగున దారంతో కోసి పక్కన పెట్టడానికి కొడుకుకు రెండు మూడు నిమిషాలకు మించి పట్టలేదు. అప్పటికి కుండ పూర్తయిందని అనిపిస్తుంది. నిజానికి అప్పటికి పూర్తయినది మూతీ మెడా మాత్రమే. కడుపు మందంగా, పొట్టిగా ఉంటుంది, అడుగు ఇంకా కుండ అడుగు కాదు.

సాయంత్రానికి నీడలో కొంత ఆరి, వేలు పెడితే నొక్కుకుపోని స్థితికి వచ్చిన తరువాత పెద్దాయన పని మొదలైంది. లోపల ఎడమ చేతితో నున్నటి రాతి గుండును ఆనించి పట్టుకుని, బయట నుంచి కుడి చేతిలోని చెక్కతో కొడుతూ కుండను ఒళ్లో తిప్పుతుంటారు. మన్ను అంటకుండా గుండుకూ చెక్కకూ బూడిద అద్దుతారు. ప్రతి దెబ్బకూ గోడ కొంచెం పలచబడి, కొంచెం వెడల్పై, అడుగు కొద్దికొద్దిగా గుండ్రంగా మూసుకుపోతుంది. ఒక విడత కొట్టి ఆరబెట్టి, మరునాడు మళ్లీ సన్నని చెక్కతో కొడతారు. ఇరవై లీటర్ల నీళ్లు పట్టే రంజన్‌ను ఒక్క చేత్తో లేపగలుగుతున్నామంటే కారణం ఈ దెబ్బలే. సారె మీద లాగిన గోడ అంత పలచగా, అంత పెద్దగా తనంతట తాను నిలబడలేదు, తడి మన్ను కూలిపోతుంది. పైగా దెబ్బలకు మన్ను రేణువులు దగ్గరగా సర్దుకుని గోడకు బలం వస్తుంది. నగరాలలో సారె పని నేర్చుకునేవారు చాలామంది ఈ దశ దాకా రారు. వారు మందంగా ఉన్న భాగాన్ని ఇనుప పనిముట్టుతో చెక్కి తీసేస్తారు. అది కూడా సరైన పద్ధతే. కాని ఒక్క చిటికెడు మన్ను వ్యర్థం కాకుండా మందాన్ని పొడవుగా, వెడల్పుగా మార్చే ఈ చేతిపని ముందు నాకు అది చిన్నదిగానే కనిపించింది.

ఆ చప్పుడు విడవకుండా, లయ తప్పకుండా గంటల తరబడి సాగుతుంది. శివభక్తుడైన కుమ్మరి గుండయ్య కుండ కొట్టే చప్పుడుకు శివుడు వచ్చి ఆడాడని చెప్పుకునే కథ ఈ ఇళ్లలో అందరికీ తెలుసు. పెద్దాయన ఆ కథ చెబుతూ కూడా చెయ్యి ఆపలేదు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక మాటల్లో గూన పెంకల సంగతి వచ్చింది. యాభై ఏళ్ల కిందటి దాకా ఈ ప్రాంతపు ఇళ్ల కప్పుల్లో చాలా భాగం గూనలే. వాటిని కూడా సారె మీదే చేసేవారు. అడుగు లేని పొడవాటి గొట్టంగా లాగి, కొంత ఆరాక నిలువునా రెండుగా చీలిస్తే రెండు గూనలు. ఒక ఇంటి కప్పుకు వేలల్లో కావాలి, ప్రతి ఏటా వానలకు ముందు పగిలినవి మార్చాలి. కాబట్టి కుమ్మరికి పని ఎప్పుడూ ఉండేది. తరువాత యంత్రాల మీద తయారైన బెంగుళూరు పెంకలు వచ్చాయి, ఆ వెనుక సిమెంటు స్లాబులు వచ్చాయి. స్టీలు బిందెలు, ఫ్రిజ్‌లు వచ్చి కుమ్మరం పోయిందని అందరం అంటాం. పెద్దాయన లెక్క వేరు. "బిందెలొచ్చినా కుండ కొననోళ్లు లేకపోయిండ్రు. గూన పోయినప్పుడే మా ఇండ్లల్ల సగం సారెలు ఆగినయ్" అన్నారు. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరు అప్పుడే తాపీ పనికి మళ్లారట.

మంగళవారం, నల్లగొండ, నాగార్జునసాగర్

నల్లగొండ పట్టణంలో ఉదయమే పెళ్లివారు కుమ్మరి ఇంటికి రావడం చూశాను. తెలంగాణ పెళ్లిళ్లలో ఐరేని కుండలను దుకాణంలో కొని సంచిలో వేసుకుని రారు. డప్పులతో, ఆడవాళ్లందరూ కలిసి కుమ్మరి ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి, బియ్యమో బట్టలో డబ్బులో ఇచ్చి, కుండలను నెత్తిన పెట్టుకుని తీసుకుపోతారు. సున్నం, జాజు, పసుపులతో వాటి మీద గీతలూ చుక్కలూ దిద్దినది ఆ ఇంటి ఇల్లాలు. ఆ గీతల వరుస తన అత్త నేర్పినదని ఆమె చెప్పింది. ఈ కుండల దగ్గర ఎవరూ బేరం చేయరు. కుమ్మరికి కొనేవాడు కాక ఎదురుకోలు దొరికే సందర్భం ఇప్పటికీ ఇదొక్కటే మిగిలింది. ఆషాఢంలో బోనాలకు కుండలు పోతాయి కాని అక్కడ ఇత్తడి, స్టీలు పాత్రలు సగం చోటు ఆక్రమించాయి.

అదే ఇంట్లో నీళ్ల కుండ గురించి ఒక విలువైన సంగతి తెలిసింది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది గోడల సూక్ష్మరంధ్రాల గుండా బయటికి ఊరిన తడి ఆవిరి కావడం వల్ల. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీల వేడి కావాలి, ఆ వేడిలో ఎక్కువ భాగం కుండ నుంచి, లోపలి నీళ్ల నుంచి పోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత మంచిది. కోస్తాలోని ఉక్కపోతలో కన్నా మన పొడి ఎండల్లో రంజన్ బాగా పనిచేయడానికి కారణం ఇదే. అయితే బోరు నీళ్లలోని లవణాలు ఆ రంధ్రాల చివర, కుండ బయటి గోడ మీద తెల్లగా పేరుకుని దారి మూసేస్తాయి. ఫ్లోరైడ్‌తో, కఠిన జలంతో దశాబ్దాలుగా బాధలు పడిన జిల్లా ఇది. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించేందుకు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. కుండ నీటిని చల్లబరుస్తుందే తప్ప ఫ్లోరైడ్‌ను తీసేయదు. "బోరు నీళ్లకు ఒక్క ఎండకాలమే సల్లగుండేది, కుండంత తెల్లగయ్యేది, ఇప్పుడు కృష్ణ నీళ్లొచ్చినంక రెండేండ్లు నడుస్తున్నది" అని ఆ ఇల్లాలు చెప్పింది. అమ్మకం తగ్గినా ఆ మాటను ఆమె సంతోషంగానే చెప్పింది.

మధ్యాహ్నానికి సాగర్ చేరాను. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఈ జలాశయం కింద, నల్లగొండ వైపు ఒడ్డున, ఏలేశ్వరం అనే ఊరు ఉండేది. ముంపుకు ముందు అక్కడ జరిపిన తవ్వకాల్లో ఇక్ష్వాకుల కాలపు కట్టడాలతో పాటు అంతకన్నా ఎంతో పాతవైన, పెద్ద రాళ్లతో కట్టిన బృహత్‌శిలా సమాధులు బయటపడ్డాయి. దక్కను సమాధుల్లో విరివిగా దొరికే కుండలు లోపల, మూతి దగ్గర నల్లగా, బయట ఎర్రగా ఉంటాయి. కుండను బోర్లించి కాలిస్తే గాలి తగలని లోపలి భాగం పొగచూరి నల్లబడుతుంది, గాలి తగిలిన బయటి భాగంలోని ఇనుము ఎర్రబడుతుంది. నిన్న నేను చూసిన పెద్దాయన కూడా ఆములో, అంటే కుండలు కాల్చే బట్టీలో, కుండలను బోర్లించే పేరుస్తారు. వేల ఏళ్ల కిందటి ఆ చేతివాటంలో కొంత ఇంకా మన ఊళ్లలోనే ఉన్నదని గట్టిగా అనిపించింది.

బుధవారం, దేవరకొండ నుంచి కల్వకుర్తి దారిలో

ఈ దారంతా తాటివనాలు. కల్లు గీసే గౌడన్నలకు లొట్టి కావాలి, అది చేసే కుమ్మరులు దేవరకొండ ప్రాంతంలో ఇంకా కొందరు ఉన్నారు. లొట్టి చూడడానికి మామూలు చిన్న కుండే. కాని మోకు వేసుకుని చెట్టెక్కే మనిషి నడుముకు వేలాడాలి కనుక తేలికగా ఉండాలి, గెలకు కట్టి రోజుల తరబడి ఎండకూ గాలికీ వదిలేస్తారు కనుక గట్టిగా ఉండాలి, కల్లు ఒలకకుండా మూతి సన్నగా ఉండాలి. నీరా కావాలంటే లోపల సున్నం పూస్తారు, పులియకుండా. ఈ మూడు గుణాలు కలిసిన కుండను చేయడం రంజన్ చేయడం కన్నా కష్టమని ఒక నడివయసు కుమ్మరి చెప్పాడు. అతను చేసినవాటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే ఇంత తేలికా అని ఆశ్చర్యం కలిగింది. ప్లాస్టిక్ డబ్బాలు చాలా చెట్లెక్కాయి. అయినా కల్లు రుచి తెలిసినవారు లొట్టి కల్లే అడుగుతారు కాబట్టి అతని పని ఆగలేదు.

అంగడిలో అతని పక్కనే కూర్చుని కొంతసేపు అమ్మకం చూశాను. ఆటోలో గడ్డి పరిచి తెచ్చినా కొన్ని పగిలాయి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అనలేదు.

గురువారం, మహబూబ్‌నగర్

పాలమూరు జిల్లా అనగానే వలస గుర్తుకు వస్తుంది. ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసిన పాలమూరు కూలీలలో కుమ్మరులు కూడా ఉన్నారు. ఇప్పుడు కూడా ఈ వృత్తి కుటుంబాల యువకులు ముంబై, పుణే, హైదరాబాద్‌లలో కట్టడాల పనిలో ఉన్నారు. అందుకే మహబూబ్‌నగర్ శివార్లలో ఒక కుమ్మరి కుటుంబపు ఆడపిల్ల సొంతంగా స్టూడియో పెట్టుకున్నదని దేవరకొండలో విని, ఆమెను కలవాలని ప్రత్యేకంగా వచ్చాను.

ఆమె హైదరాబాద్‌లో చిత్రకళ, శిల్పం చదివి, పుదుచ్చేరిలో సారె పని నేర్చుకున్నది. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అక్కడ నెలకొల్పిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ వల్ల పుదుచ్చేరి మన దేశంలో స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో కాల్చి గట్టిపరిచే పాత్రల) పనికి ముఖ్యమైన చోటయింది. అయితే సారె ముందు కూర్చోవడం తనకు చిన్నప్పుడే చిన్నాయన నేర్పాడని, ఆడపిల్లవు నీకెందుకని ఇంట్లో అందరూ అంటున్నా ఆయన వినలేదని ఆమె చెప్పింది. ఈ ప్రాంతంలో ఆడవాళ్లు మన్ను తొక్కుతారు, రంగులు దిద్దుతారు, ఆము పేరుస్తారు, అమ్ముతారు, సారె మీద మాత్రం చెయ్యి పెట్టరు. ఆ ఒక్క నియమాన్ని ఆ ఇంటి చిన్నాయన పక్కన పెట్టడం వల్లనే ఈ స్టూడియో ఉన్నది.

ఆమె మన్ను చెరువుది కాదు. చైనా క్లే, బాల్ క్లే, ఫెల్డ్‌స్పార్, పలుగురాయి పొడి కలిపిన మిశ్రమం. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ గనులు ఉమ్మడి పాలమూరులోనే ఉన్నాయి. ఫెల్డ్‌స్పార్ ఎక్కువ వేడిలో కరిగి గాజులా మారి, మన్ను రేణువుల మధ్య సందులను నింపుతుంది. దాదాపు 1,220 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చిన తరువాత ఆ గిన్నె నీటిని పీల్చదు. చిన్నాయన రంజన్‌కు ఊరడం ప్రాణం, ఈమె కప్పుకు ఊరకపోవడం ప్రాణం. మెరుపు పూతలోనూ ఫెల్డ్‌స్పార్, పలుగురాయి, సున్నపురాయి పొడులే ఉంటాయి. సీసం కలిసిన పూతలు తక్కువ వేడిలోనే కరిగి తళతళలాడతాయి కాని తిండి పాత్రలకు పనికిరావు, పుల్లని పదార్థం తగిలితే సీసం ఊరి విషమవుతుంది. కొనేవారు అడిగినా అడగకపోయినా ఈ విషయం చెప్పి అమ్ముతానని ఆమె అన్నది.

ఆమె కప్పు అడుగున చిన్న ముద్ర ఉంటుంది, అది ఆమె గుర్తు. ఆ కప్పు హైదరాబాద్‌లో 450 రూపాయలకు పోతున్నది. ఆమె చిన్నాయన నాలుగు రోజులు చెయ్యి పెట్టిన రంజన్‌ను వ్యాపారి 120 రూపాయలకు కొంటాడు. కప్పు వెనుక గ్యాసు ఖర్చు, కొన్న మన్ను ఖర్చు ఉన్నాయి, ఆ తేడాలో కొంత న్యాయమైనదే. అయినా నా అభిప్రాయం దాచుకోను. రంజన్ చేయడానికి కావలసిన నేర్పు కప్పుకు కావలసిన నేర్పు కన్నా ఏ మాత్రం తక్కువ కాదు, దాని కింద పేరు లేకపోవడమే దాని ధరను సగం తినేస్తున్నది. ఈ మాట నేను అనకముందే ఆమె అన్నది. రేపు చిన్నాయన ఆము కాలుస్తున్నాడు, రండి సార్ అని పిలిచింది.

శుక్రవారం, మక్తల్ వైపు ఒక ఊరు

మక్తల్ దారిలో నేల మరీ పొడిగా ఉన్నది. ఇటునుంచి కృష్ణ దగ్గరే. ఆ ఒడ్డునే ముడుమాల్ నిలువురాళ్లు ఉన్నాయి, 2025లో అవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. వాటిని చూసే సమయం లేకపోయింది, ఎందుకంటే ఆము పేర్చడం ఉదయమే మొదలైంది.

సారె తరువాతి రెండు బరువైన పనుల్లో చెక్కదెబ్బ ఒకటైతే, రెండవది, అన్నిటికన్నా భయపెట్టేది, ఈ కాల్పు. నేల మీద పిడకలు, పత్తి కట్టె, కంది కట్టె పరిచారు. దాని మీద పెద్దవి కింద, చిన్నవి పైన వచ్చేలా కుండలను బోర్లించి, సందుల్లో మళ్లీ పిడకలు కుక్కారు. పైన పాత పెంకులు కప్పి, వరిగడ్డి మందంగా వేసి, చెరువు మన్ను బురదతో మెత్తి, అక్కడక్కడా పొగ పోయే రంధ్రాలు వదిలారు. వెదురు, మామిడి కట్టె కొనే శక్తి లేదు, సర్కారు తుమ్మ కొట్టుకొస్తే కొంత నడుస్తుంది, పత్తి కట్టె మాత్రం ఏటా దొరుకుతుంది. అయితే ఇప్పుడు చాలామంది రైతులు దాన్ని చేలోనే దున్నేస్తున్నారు లేదా కాల్చేస్తున్నారు, వారిని ముందుగానే అడిగి పెట్టుకోవాలి.

చీకటి పడ్డాక నిప్పు పెట్టారు. మొదటి రెండు గంటలు మంట రానివ్వకుండా, పొగ మాత్రమే వచ్చేలా చూశారు. మన్నులో మిగిలిన తడి ఆవిరై మెల్లగా బయటికి పోవాలి. నీరు ఆవిరిగా మారితే దాదాపు 1,700 రెట్లు వ్యాపిస్తుంది, ఆ ఆవిరికి దారి దొరకకపోతే కుండ లోపలే పేలుతుంది. 573 డిగ్రీల దగ్గర మన్నులోని పలుగురేణువులు ఒక్కసారిగా ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అదే చోట కుంచించుకుంటాయి. ఆ రెండు సమయాల్లో తొందరపడితే సన్నని చీలికలు పడతాయి. చిన్నాయనకు ఈ అంకెలతో పని లేదు. రంధ్రాల్లోకి చూసి, లోపలి ఎరుపు ఎంత ముదిరిందో గమనించి, ఒకచోట బురద తీసి గాలి ఇస్తారు, మరొకచోట బురద మెత్తి మంటను అణచుతారు.

ఆ అమ్మాయి తన స్టూడియో నుంచి బట్టీ వేడిని కొలిచే పైరోమీటరు తెచ్చింది. దాని పొడవైన కడ్డీని ఒక రంధ్రంలో పెట్టి చూసి, అంకె బయటికి చెప్పకుండా, ఇప్పుడెట్లుంది చిన్నాయనా అని అడిగింది. "ఇంకొద్దిగ కావాలె బిడ్డా, మోదుగు పువ్వు రంగొచ్చినంక ఆపుదాం" అన్నారాయన. అప్పటికి మీటరులో 690 ఉన్నది. అర్ధరాత్రి దాటాక ఆయన చాలు అని రంధ్రాలు మూయించే సమయానికి 810 చూపించింది. ఎర్రమన్ను కుండ గట్టిపడి, నీరు ఊరే గుణం పోకుండా ఉండే వేడి సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అంతకు చాలా తక్కువైతే నీళ్లకు నానిపోతుంది, చాలా ఎక్కువైతే రంధ్రాలు మూసుకుపోయి చల్లదనం పోతుంది. ఆమె ఆ రెండు అంకెలనూ సమయాలతో సహా తన పుస్తకంలో రాసుకున్నది. ఆయన కంటికి తెలిసినదాన్ని మరొకరు నేర్చుకోవడానికి పనికివచ్చేలా రాసిపెట్టడం ఈ తరం చేయగలిగిన మంచి పనుల్లో ఒకటని నేను నమ్ముతున్నాను.

శనివారం, అదే ఊరు

మధ్యాహ్నం దాకా ఆమును ముట్టుకోనివ్వలేదు. బూడిద తోసి ఒక్కొక్కటే బయటికి తీసి, వేలి కణుపుతో కొట్టి వింటూ పేర్చారు. బాగా కాలినది గంటలా మోగుతుంది, చీలిక ఉన్నది బొంగురుగా పలుకుతుంది. గాలి అందని మూలన ఉన్న కొన్నిటి మీద నల్ల మచ్చలు పడ్డాయి. వాడకానికి ఏ లోపమూ లేని ఆ మచ్చల కుండలను వ్యాపారి సగం ధరకే అడిగాడు.

పగిలిన పెంకుల కోసం మాత్రం ఆ అమ్మాయి సంచులు తెచ్చుకున్నది. కాలిన పెంకులను దంచి పొడిచేసి పచ్చి మన్నులో కలిపితే కుంచింపు తగ్గుతుంది, పెద్ద పాత్రలు పగలకుండా నిలుస్తాయి. బజారులో కొన్న గ్రాగ్ (కాల్చి పొడిచేసిన మన్ను) కన్నా ఈ పొడి తన పూల కుండీలకు మంచి రంగునిస్తున్నదని చెప్పింది. సంచికి ఇంత అని డబ్బు ఇవ్వబోతే చిన్నాయన తీసుకోలేదు. చివరికి ఆమె స్టూడియోలోని చిన్న పగ్‌మిల్లులో నెలకు రెండుసార్లు ఆయన మన్ను కలిపి పంపాలని, అందుకు బదులుగా పెంకులు తీసుకుపోవాలని ఒప్పందం కుదిరింది. ఆ మాట విని అందరికన్నా ముందు నవ్వినది మన్ను తొక్కే చిన్నమ్మ.

ముద్ర సంగతి కూడా అక్కడే తేలింది. ఊరి పేరు చెక్కిన చిన్న మట్టి ముద్రను ఆ అమ్మాయి చేసుకొచ్చింది, పచ్చి కుండ మెడ మీద దాన్ని ఒత్తితే పేరు నిలిచిపోతుంది. వ్యాపారి వెంటనే వద్దన్నాడు. పేరు ఉంటే కొనేవాళ్లు నేరుగా ఊరికే వస్తారని అతని భయం, దాన్ని అతను దాచుకోలేదు కూడా. కాసేపు ఆలోచించి చిన్నాయన ఒక నిర్ణయం చెప్పారు. వ్యాపారికి పోయే రంజన్ల మీద ముద్ర ఉండదు. ఉగాదికి ముందు వారం రోజులు మక్తల్ రోడ్డు పక్కన ఇంటివాళ్లే కూర్చుని అమ్మే పచ్చడి కుండలు, మూకుళ్లు, ఇరవై లీటర్ల రంజన్ల మీద ఉంటుంది, వాటిలో రంజన్ ధర 200 రూపాయలు. వ్యాపారి సరుకు ఎక్కించుకుని బయలుదేరాక, సాయంత్రం వాయికి మన్ను పట్టారు. మొదటి కుండ మూతి దిద్ది దారంతో కోసిన తరువాత ముద్ర ఎక్కడ ఒత్తాలన్న దాని మీద చిన్నాయనకూ, చిన్నమ్మకూ, ఆ అమ్మాయికీ వాదన నడిచింది. చెక్కతో కొట్టేటప్పుడు చెరిగిపోకుండా మెడ కిందనే ఒత్తాలని చిన్నమ్మ చెప్పిన మాటే నెగ్గింది.